వానాకాలంలో పగిలిన సాల్ట్ బాత్: చంద్రపూర్ జిల్లా నుంచి ఒక కేస్ స్టడీ

చంద్రపూర్ నుంచి బల్లార్షా వైపు వెళ్లే దారిలో చిన్న హీట్ ట్రీట్‌మెంట్ వర్క్‌షాప్ ఒకటి ఉంది. బొగ్గు గనుల కన్వేయర్లకు వాడే స్ప్రింగ్ వాషర్లు, క్లిప్పులు అక్కడ గట్టిపరుస్తారు. ఓనర్‌ది కరీంనగర్ వైపు. పనివాళ్లలో చాలామంది సిరొంచ, ఆసిఫాబాద్ దగ్గరి ఊళ్ల వాళ్లు. షెడ్డులో తెలుగు, మరాఠీ, హిందీ మూడూ కలిసే నడుస్తాయి. దసరాకు ముందు వాళ్ల సాల్ట్ బాత్ లీకైంది. సాల్ట్ బాత్ అంటే కరిగిన ఉప్పు నింపిన పాట్, కాలిన సరుకును అందులో ముంచి గట్టిపరుస్తారు. పాట్ సప్లయర్ వచ్చి చూసి, వేడి ఉప్పు ఇనుమును తినేసిందని, ఇక 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ పాట్ వేసుకోవడం తప్ప దారి లేదని చెప్పి కొటేషన్ ఇచ్చి వెళ్లాడు. అంత డబ్బు పెట్టే ముందు ఒకసారి చూడమని ఓనర్ నన్ను పిలిచారు. ఈ చుట్టుపక్కల ప్లాంట్లలో ఇన్‌స్పెక్షన్, లోహాలు ఎందుకు ఫెయిలయ్యాయో తేల్చడం నా పని.

ఆ బాత్‌లో ఉన్నది సోడియం నైట్రేట్, పొటాషియం నైట్రేట్ మిశ్రమం. సోలార్ థర్మల్ ప్లాంట్లలో పగటి వేడిని రాత్రికి దాచుకోవడానికి వాడేది కూడా ఈ జంటే. అక్కడ బరువులో 60 పాళ్లు సోడియం, 40 పాళ్లు పొటాషియం నైట్రేట్ కలుపుతారు. ఓనర్ కొడుకు నాగపూర్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. నేను బ్యాగు కింద పెట్టకముందే అడిగాడు: "సార్, స్పెయిన్‌లో గెమాసోలార్ టవర్ ప్లాంట్‌లో ఇదే ఉప్పును 565 డిగ్రీల దాకా వేడి చేస్తున్నరు. మనది 320 దాటదు. అక్కడ ఆగిన ఇనుము ఇక్కడెందుకు పోయింది?" మంచి ప్రశ్న. ఈ కేసంతా ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే.

పాట్ వివరాలు, జరిగిన సంగతి

పాట్ మామూలు మైల్డ్ స్టీల్ ప్లేటుతో చేసింది. మందం 12 మిల్లీమీటర్లు, అడుగు చదును. గోడను అడుగుకు మూలలో ఫిల్లెట్ వెల్డింగ్‌తో కలిపారు. బయట చుట్టూ కరెంటు హీటర్లు, వాటి వెనక ఫైర్ బ్రిక్స్. పక్కనే ఇంకో బాత్ ఉంది. దాంట్లో బేరియం క్లోరైడ్, సోడియం క్లోరైడ్ మిశ్రమం 850 డిగ్రీల దగ్గర ఉంటుంది. సరుకు మొదట అందులో కాలి, తర్వాత నైట్రేట్ బాత్‌లోకి దిగుతుంది. ఈ పక్కింటి సంగతి తర్వాత పనికొస్తుంది.

వానాకాలంలో ఓపెన్‌కాస్ట్ గనుల్లో పని మందగిస్తుంది, ఆర్డర్లు తగ్గుతాయి. అందుకని జులైలో బాత్‌లో పని ఆపేశారు. దసరా ముందు మళ్లీ మొదలుపెట్టి ఉప్పు కరుగుతుండగా ఒక హీటర్ ట్రిప్ అయింది. ఇటుకల సందులోంచి తెల్లటి పొర బయటికి వచ్చింది. ఫైర్ బ్రిక్ సున్నం ఊరిందేమో అని ఎవరో అన్నారట. మేస్త్రీ చిటికెడు పొడి గీకి ఇటుక మీద పెట్టి, దేవుడి పటం దగ్గర వెలుగుతున్న అగరుబత్తి కొస దానికి తాకించాడు. కొస ఒక్కసారి భగ్గున మెరిసి చిటపటలాడింది. "సున్నం కాదు, మన ఉప్పే" అని చెప్పి మెయిన్ ఆఫ్ చేయించాడు. నైట్రేట్ మండే వస్తువుకు తనలోని ఆక్సిజన్ ఇస్తుంది కాబట్టే ఆ మెరుపు. ఎవరూ నీళ్లు చల్లలేదు, రంపపు పొట్టు పోయలేదు, పొడి ఇసుక వేశారు. ఈ మూడు పనులు సరిగ్గా చేయడం వల్లే ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. కరిగిన ఉప్పులో నీళ్లు పడితే ఆవిరై పేలినట్టు చిమ్ముతుంది, పొట్టు పడితే మంటే.

మొదటి అనుమానం: వేడి

సప్లయర్ చెప్పింది కొట్టిపారేసే మాట కాదు. నైట్రేట్ ఉప్పు 600 డిగ్రీల దాపుకు వెళ్తే విరిగిపోవడం మొదలవుతుంది. నైట్రేట్ ఆక్సిజన్‌ను వదిలి నైట్రైట్ అవుతుంది, అదీ విరిగితే ఆక్సైడ్ అయాన్లు మిగులుతాయి. ఉప్పు క్షారంగా మారుతుంది. స్టెయిన్‌లెస్‌ను కాపాడే క్రోమియం పొర ఆ క్షారంలో క్రోమేట్‌గా కరిగిపోతుంది, ఉప్పు పసుపు తిరుగుతుంది. టవర్ ప్లాంట్లు 565 దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే.

హీటర్లు బయట ఉన్న పాట్‌లో మధ్యలో 320 చూపిస్తున్నా, గోడ దగ్గర ఇంకా ఎక్కువ ఉండొచ్చు. అందుకని ముందు ఉప్పునే అడిగాను. బాత్ వేర్వేరు లోతుల నుంచి ముక్కలు తీసి డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి పీహెచ్ చూస్తే దాదాపు తటస్థంగా ఉంది. నైట్రైట్ చాలా తక్కువ. అతిగా కాలిన ఉప్పు ఇలా ఉండదు. పరీక్షకు పెద్ద ఖర్చు కూడా లేదు. ఏ సాల్ట్ బాత్ ఫెయిలైనా ఇదే మొదట చేయాలని నా అభిప్రాయం, ఎందుకంటే బాత్ ఎంత వేడి చూసిందో ఆ గుర్తు ఉప్పులోనే మిగిలిపోతుంది.

తర్వాత గోడ మందం. అల్ట్రాసోనిక్ గేజ్‌తో పైనుంచి కిందికి గళ్లు గీసుకుంటూ కొలిచాను. ఎక్కువ చోట్ల 11.5కు పైనే ఉంది. మిల్లు నుంచి వచ్చిన ప్లేటులోనే అంత తేడా ఉంటుంది. ఉప్పు, గాలి కలిసే గీత దగ్గర మాత్రం చుట్టూ గాడి పడి మిల్లీమీటరున్నర దాకా తగ్గింది. అడుగు భాగం బాగానే ఉంది. అంటే తినేయడం వల్ల పాట్ పోలేదు. గోడ బలంగా ఉండగానే లీకైంది.

ఇక్కడ ఓనర్ కొడుకుకు సగం జవాబు దొరికింది. అమెరికాలోని శాండియా ల్యాబ్‌లో కరిగిన నైట్రేట్‌లో చేసిన పరీక్షల్లో, 316 డిగ్రీల దగ్గర మామూలు కార్బన్ స్టీల్ ఏడాదికి సుమారు 1 నుంచి 4.5 మైక్రాన్లు మాత్రమే పోయింది. 304, 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్‌లు 570 డిగ్రీల దగ్గర ఏడాదికి 6 నుంచి 15 మైక్రాన్ల దాకా. ఉప్పు శుభ్రంగా, పొడిగా ఉంటే కార్బన్ స్టీల్‌కు 320 డిగ్రీలు లెక్కలోకి రాదు. స్పెయిన్‌లో అండసోల్ లాంటి ప్లాంట్లలో 28,500 టన్నుల ఉప్పును నిల్వ చేసే ట్యాంకులు అలాగే నిలబడుతున్నాయి.

పగులు ఎక్కడుంది

ఉప్పు తోడేసి, పాట్ లోపల వేడినీళ్లతో కడిగి ఆరబెట్టాక డై పెనెట్రెంట్ (పగుళ్లలోకి ఇంకి వాటిని చూపించే ఎర్ర రంగు) కొట్టాం. కడగకుండా కొట్టకూడదు, ఆ రంగు, సాల్వెంట్ రెండూ మండేవే. ఆ రంగును పైకి లాగే తెల్లపూత, డెవలపర్, ఆరుతుండగా వాయవ్య మూలలో ఎర్రటి గీతలు తేలాయి. అడుగు ఫిల్లెట్ వెల్డ్ అంచు వెంబడి ఒక పొడవు గీత, దాని నుంచి కొమ్మల్లా చీలిన సన్నటివి. అదే మూలలో వేడి కొలిచే థర్మోకపుల్ బ్రాకెట్ కోసం ఎప్పుడో వేసిన చిన్న ప్యాచ్ వెల్డ్ చుట్టూ ఇంకో గుంపు. మిగతా మూడు మూలలు శుభ్రం.

ఒకే మూలలో ఎందుకు? వేడే కారణమైతే హీటర్లు అన్ని వైపులా ఉన్నాయి. ఈ ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

పగులు ఉన్న చోట నుంచి చిన్న ముక్క కోసి, పాలిష్ చేసి, నైటాల్ అనే పలుచని ఆమ్లంతో ఎచ్ చేసి (హద్దులు కనబడేలా కొరికించి) మైక్రోస్కోప్ కింద పెట్టాను. పగులు లోహపు గ్రెయిన్లను (సన్నటి స్ఫటికాలను) ఎక్కడా కోసుకుంటూ పోలేదు. ఒక్కో గ్రెయిన్ పక్కనుంచి, వాటి సరిహద్దు పట్టుకుని, మలుపు మలుపుకూ చీలుతూ గోడ లోపలికి దిగింది. పగులు చుట్టూ లోహం పల్చబడలేదు, సాగలేదు. వేడిలో నెమ్మదిగా సాగి పోయిన ఇనుము ఇలా కనిపించదు. మైల్డ్ స్టీల్‌లో గ్రెయిన్ హద్దుల వెంట కొమ్మలేస్తూ పోయే పగులు కనిపిస్తే ముందు అడగాల్సిన ప్రశ్నలు రెండు: కాస్టిక్ (ఘాటు క్షారం) తగిలిందా, వేడి నైట్రేట్ ద్రావణం తగిలిందా?

ద్రావణం అన్న మాట ఇక్కడ ముఖ్యం. కరిగిన నైట్రేట్ వేరు, నీళ్లలో చిక్కగా కలిసి వేడెక్కిన నైట్రేట్ వేరు. రెండోదానిలో, లోపల టెన్షన్ (లాగే ఒత్తిడి) మిగిలి ఉన్న మైల్డ్ స్టీల్ పగులుతుంది. దీన్నే స్ట్రెస్ కొరోజన్ క్రాకింగ్ అంటాం. లోహం, టెన్షన్, ఆ ప్రత్యేకమైన ద్రావణం ఈ మూడూ ఒకచోట కలవాలి, ఒక్కటి తీసేసినా పగులు ఆగుతుంది. వెల్డింగ్ చల్లారేటప్పుడు బిగుసుకుని ఆ చుట్టూ మిగిలే టెన్షన్ దీనికి చాలు, బయటి బరువు అక్కర్లేదు. అమెరికాలో సవన్నా రివర్ అణు కేంద్రంలో నైట్రేట్ వ్యర్థాలు నింపిన కార్బన్ స్టీల్ ట్యాంకులు వెల్డుల దగ్గర ఇలాగే పగిలాయి. తర్వాత కట్టిన ట్యాంకులకు వెల్డింగ్ అయ్యాక స్ట్రెస్ రిలీవింగ్ (వేడిచేసి నెమ్మదిగా చల్లార్చి టెన్షన్ తీసేయడం) చేశారు.

మరి 320 డిగ్రీల బాత్‌లో నీళ్లెక్కడివి?

వానాకాలంలో ఏం జరిగింది

మేస్త్రీని కూర్చోబెట్టి జులై నుంచి ఒక్కో వారం ఏం చేశారో అడిగాను. "ఆర్డర్ లేనప్పుడు పూర్తిగ ఆపలే సార్. మీటర్ మీద 110 పెట్టి వదిలినం. చల్లగ వదిలేస్తే ఉప్పు చెమట పడ్తది, తడిసిన ఉప్పును మళ్ల కరిగిస్తే చిమ్ముతది."

ఆయన చెప్పింది నిజమే. సోడియం నైట్రేట్ గాలిలో తేమ 74 శాతం దాటితే నీరు పీల్చి కారడం మొదలుపెడుతుంది, రెండు నైట్రేట్లూ కలిసి ఉంటే అంతకన్నా తక్కువకే. ఈ జిల్లాలో ఆగస్టులో ఆ తేమ రోజుల తరబడి ఉంటుంది. వెచ్చగా ఉంచితే గాలిలోని తేమ పట్టదు, అక్కడిదాకా ఆయన ఆలోచన సరైనదే.

షెడ్డు పైకప్పు చూపించమన్నాను. వాయవ్య మూల మీద రేకు కన్నాల్లో తుప్పు చారలు, కింద పాట్ మూత మీద నీటి మరకలు. మూతకు సీల్ లేదు. బాత్‌లో గడ్డకట్టిన ఉప్పు తీయకముందు మేస్త్రీ తీసిన ఫొటో ఒకటి ఆయన ఫోన్‌లో ఉంది. ఉప్పు గడ్డకు, గోడకు మధ్య హాక్సా బ్లేడు దూరేంత సందు స్పష్టంగా కనబడుతోంది. ఉప్పు గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోయి గోడను వదిలేస్తుంది. పైనుంచి పడ్డ చుక్క ఆ సందులో పడి, దారిలో ఉప్పును కరిగించుకుంటూ, అడుగు వెల్డ్ దగ్గరకు చేరింది. మీటర్ 110 చూపిస్తున్నా అడుగు మూల అంతకంటే చల్లగానే ఉంటుంది. పైగా నైట్రేట్‌తో నిండిన ద్రావణం 115, 120 డిగ్రీలకు గానీ మరగదు. అంటే ఆ నీరు ఎగిరిపోలేదు. ఇరుకు సందులో, వేడిగా, చిక్కగా, టెన్షన్ ఉన్న వెల్డ్‌ను తడుపుతూ వారాల తరబడి అక్కడే ఉండిపోయింది. చల్లగా వదిలేసి ఉంటే పగులు ఇంత వేగంగా వచ్చేది కాదు. బాగా వేడిగా ఉంచితే నీరే నిలిచేది కాదు. మధ్యలో ఉంచిన ఆ 110 పాట్‌ను పగలగొట్టింది.

ఓనర్‌కు నమ్మకం కుదరలేదు. ఆయనది న్యాయమైన సందేహం: ఎన్నో ఏళ్లుగా ఇదే పద్ధతి, ఇప్పుడే ఎందుకు? రేకు పాతబడింది నిరుడే అని మేస్త్రీ చెప్పాడు. అయినా మాటలతో తేల్చేది కాదని పాత పాట్ ప్లేటు నుంచే పట్టీలు కోయించి, యూ ఆకారంలో వంచి బోల్టుతో బిగించాను. కొన్నింటిని వాళ్ల ఫర్నేస్‌లోనే 610 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, నెమ్మదిగా చల్లార్చి, ఆ తర్వాత కొద్దిగానే బిగించాం. అన్నింటినీ అదే బాత్ ఉప్పు చిక్కగా కలిపిన నీళ్లలో, 110 దగ్గర మూతపెట్టి ఉంచాం. కొన్ని వారాల్లో గట్టిగా వంచిన పట్టీల వీపు మీద సన్నటి పగుళ్లు వచ్చాయి. టెన్షన్ తీసిన వాటికి ఏమీ కాలేదు. పగిలిన పట్టీని ఓనర్ వేలితో తడిమి చూసి సప్లయర్‌కు ఫోన్ చేశారు, స్టెయిన్‌లెస్ కొటేషన్ ఆపమని.

స్టెయిన్‌లెస్ ఎందుకు వద్దన్నాను

316 పాట్ వేసుంటే నైట్రేట్ ద్రావణం వల్ల పగిలేది కాదు. కానీ పక్క బాత్ నుంచి సరుకుకు అంటుకుని క్లోరైడ్ రోజూ ఇందులోకి వస్తోంది. సిల్వర్ నైట్రేట్ టైట్రేషన్‌లో చూస్తే బాత్ ఉప్పులో క్లోరైడ్, సోలార్ ప్లాంట్లకు కొనే శుద్ధమైన గ్రేడ్‌లో అనుమతించే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంది. క్లోరైడ్, తడి, వేడి, వెల్డ్ టెన్షన్ కలిస్తే 316కు దాని సొంత జబ్బు ఉంది, అదీ పగులే. మూడు రెట్లు డబ్బు పోసి ఒక పగులు బదులు ఇంకో పగులు కొనుక్కోవడం అవుతుంది. ఉప్పు గీత దగ్గర పడ్డ గాడికి కూడా ఈ క్లోరైడే ముఖ్య కారణమని నా నిర్ణయం. ఇనుము మీద ఏర్పడే ఆక్సైడ్ పొరను అది కుదురుగా నిలవనీయదు, పొర రాలుతుంది, మళ్లీ కొత్త లోహం బయటపడుతుంది.

ఉప్పులో కొంత సోడియం నైట్రైట్ కలిపితే ఈ పగులు తగ్గుతుందని పరిశోధన పత్రాల్లో ఉంది, సవన్నా రివర్‌లోనూ అదే చేశారు. ఇక్కడ వద్దన్నాను. నైట్రైట్ విషం, ఈ షెడ్డులో భోజనం కూడా బాత్‌కు పది అడుగుల్లోనే చేస్తారు. పైగా నైట్రైట్ ఉందన్న ధైర్యంతో కారే రేకును అలాగే వదిలేస్తారు.

చేసిన మార్పులు

కొత్త పాట్ కూడా మైల్డ్ స్టీలే. కానీ చదును అడుగు, మూల ఫిల్లెట్ తీసేసి, గిన్నెలా వంపున్న డిష్ అడుగును, అంచుకు అంచు ఆనించి చేసే పూర్తి లోతు బట్ వెల్డ్‌తో కలిపించాం. బ్రాకెట్లు అన్నీ ముందే వెల్డ్ చేయించి, ఆ తర్వాతే మొత్తం పాట్‌ను స్ట్రెస్ రిలీవ్ చేయించాం. తర్వాత దాని మీద ఒక్క వెల్డ్ కూడా పెట్టకూడదని పాట్ మీదే పెయింట్‌తో రాయించాను, ఎందుకంటే ఇలాంటి చోట ఎవరో ఒకరు హుక్ కోసం చిన్న టక్ వెల్డ్ వేయకుండా ఉండరు.

పైకప్పు రేకులు మార్చారు, మూతకు తాడు సీల్ వేశారు. పని లేని కాలంలో రెండే దారులు పెట్టాం. కొద్దిరోజులే అయితే బాత్‌ను 250కి పైన కరిగించే ఉంచడం. కరెంటు ఖర్చు ఎక్కువే, కానీ తక్కువ రోజులకు భరించొచ్చు. వానాకాలమంతా అయితే ఉప్పు పొడి ట్రేలలోకి తోడి, గడ్డలను డ్రమ్ముల్లో సీల్ చేసి, పాట్‌ను కడిగి వెంటనే వేడి చేసి ఆరబెట్టడం. మధ్యలో ఎక్కడో ఉంచే పద్ధతి లేదు. మళ్లీ కరిగించేటప్పుడు పైనుంచి మొదలుపెట్టాలి. ఉప్పు కరుగుతూ ఉబ్బుతుంది, కింద ముందు కరిగితే దానికి పైకి దారి ఉండదు. 60 నుంచి 130 మధ్య ఎక్కడా ఆగకుండా దాటించాలి.

క్లోరైడ్‌కు సులువైన వైద్యం ఉంది. బాత్ చల్లబడే కొద్దీ క్లోరైడ్ నైట్రేట్‌లో తక్కువగా కరుగుతుంది, అడుగున బురదగా దిగుతుంది. వారాంతంలో ఉష్ణోగ్రత తగ్గించి, చిల్లుల గరిటెతో ఆ బురద తీసేయాలి. ఇప్పుడు ఆ పని మేస్త్రీ స్వయంగా చేస్తున్నాడు.

కుర్రాడి ప్రశ్నకు మిగిలిన సగం జవాబు ఇది. సోలార్ ప్లాంట్లలో ఉప్పు ఒకసారి కరిగించాక ఏళ్ల తరబడి గడ్డకట్టనివ్వరు. చల్లటి ట్యాంక్ కూడా 290 డిగ్రీల దగ్గర ఉంటుంది, పైపులన్నింటికీ హీట్ ట్రేసింగ్ (వేడి చేసే తీగలు) చుట్టి ఉంటుంది. ట్యాంక్‌లోకి నీటి చుక్క వచ్చే దారే ఉండదు. అలాంటి చోట కూడా ఇబ్బందులు రాలేదని కాదు. అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని క్రెసెంట్ డ్యూన్స్ 110 మెగావాట్ల ప్లాంట్‌లో 2016లో వేడి ట్యాంక్ లీకై నెలల తరబడి ఆగింది. ఉప్పు గోడను తినేయడం కంటే అడుగు ప్లేటు వేడికి సాగడం, ముడుచుకోవడంలో వచ్చే ఒత్తిడే అక్కడ పెద్ద కారణంగా తేలింది. మన దేశంలో ఇలాంటి ఉప్పు నిల్వలు కట్టబోయే ఇంజనీర్లు ఏడాదికి ఎన్ని మైక్రాన్లు పోతుందన్న లెక్కతో పాటు, ప్లాంట్ నిర్మాణంలో ఉన్న నెలల్లో, కమిషనింగ్‌కు ముందు, రిపేరుకు ఖాళీ చేసినప్పుడు ట్యాంక్ లోపల తడి ఎక్కడ నిలుస్తుందో కూడా గీసుకోవాలని నా విన్నపం.

తర్వాతి వానాకాలం ముగిశాక మళ్లీ పాట్ లోపల డై పెనెట్రెంట్ కొట్టాం. ఒక్క గీత రాలేదు. ఉప్పు గీత దగ్గర గాడి కూడా కొలవగలిగేంత పెరగలేదు. ఇంకా తేలని విషయం ఒక్కటే: కడిగిన నీళ్లు. మొదట్లో షెడ్డు వెనక నాలాలోకి వదిలేవారు, ఆ నాలా పక్కనే చేదబావి ఉంది. తాగే నీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేట్ ఉండకూడదని బీఐఎస్ నిబంధన, పసిపిల్లలకు అది నేరుగా ప్రమాదం. ప్రస్తుతానికి సిమెంటు తొట్టి కట్టించి, నీళ్లు ఎండలో ఇంకబెట్టి, మిగిలిన ఉప్పును వేరే డ్రమ్ములో దాస్తున్నారు. అది క్లోరైడ్, బేరియం కలిసిన ఉప్పు కాబట్టి పొలానికి ఎరువుగా ఇవ్వకూడదని పనివాళ్లకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లే లైసెన్సున్న వాళ్లతో ఓనర్ మాట్లాడుతున్నారు.